పీకే అనే రెండు అక్షరాలు

ఐదో సెమిస్టర్‌లో ఓఎస్ ల్యాబ్‌కి మాకో మినీ ప్రాజెక్ట్ ఇచ్చారు. లైనక్స్ కెర్నల్ సోర్సు దింపుకోవాలి, అందులో మన సొంత సిస్టమ్ కాల్ ఒకటి కలపాలి, బిల్డ్ చేసి బూట్ చేసి చూపించాలి. వినడానికి మూడు ముక్కలే. చేయడానికి కూర్చున్నాకే తెలిసింది, హాస్టల్లో కరెంటు, నా పాత ల్యాప్‌టాప్, నా ఓపిక, మూడూ ఒకేసారి నిలబడాలని.

ల్యాప్‌టాప్‌లో చోటు లేక ఒక చిన్న కంటైనర్ ఇమేజ్‌లో బిల్డ్ మొదలుపెట్టాను. నలభై నిమిషాలు బాగానే నడిచి ఆగిపోయింది. సీపీఐఓ అనే కమాండ్ దొరకలేదంది. అది ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ నడిపితే ఇంకో అడుగు ముందుకెళ్ళి మళ్ళీ ఆగింది. ఈసారి టార్ దొరికింది గానీ, పేర్ల వరసలో సర్దమని ఇచ్చిన ఆప్షన్ ఏంటో దానికి తెలియదంది. టార్ కమాండ్‌కి టార్ ఆప్షన్ తెలియకపోవడం ఏంటని తల పట్టుకున్నాను.

సంగతి తెలిశాక చాలా చిన్నది. కెర్నల్ తన హెడర్ ఫైళ్ళన్నిటినీ ఒక మూటగా కట్టి తనలోనే దాచుకునే సదుపాయం ఒకటుంది. ఆ మూట ఎవరు, ఎప్పుడు, ఏ మెషీన్ మీద కట్టినా ఒకేలా రావాలి. అందుకే ఫైళ్ళని పేర్ల వరసలో పెట్టమని బిల్డ్ స్క్రిప్టు టార్‌ని అడుగుతుంది. ఆ ఆప్షన్ గ్నూ టార్‌లో 1.28 వెర్షన్ నుంచి, అంటే 2014 నుంచి ఉంది. నా కంటైనర్‌లో ఉన్నది చోటు కలిసొస్తుందని కుదించిన చిన్న టార్. పేరు ఒకటే, చేసే పనీ చాలావరకు ఒకటే, ఆ తేడా ఉన్న కాస్త దగ్గరే నా రాత్రంతా పోయింది. అసలు గ్నూ టార్ ఇన్‌స్టాల్ చేస్తే ఒక్క నిమిషంలో తెమిలిపోయింది.

పొద్దున మెస్‌లో ఈ గోడు వెళ్ళబోసుకుంటే, ఫైనలియర్ అన్న ఒకాయన నవ్వి ఒక పని చెప్పాడు. ఒక్క కెర్నల్ బిల్డ్‌లో మూటలు కట్టే టూల్స్ ఎన్ని వాడతారో లెక్కపెట్టి రమ్మన్నాడు. లెక్కపెట్టాను. సోర్సు వచ్చిందే టార్ మూటగా, పైన ఎక్స్‌జెడ్ కుదింపుతో. కంపైల్ అయిన ఆబ్జెక్ట్ ఫైళ్ళని ఒకచోట చేర్చేది ఏఆర్. బూట్ అయ్యేటప్పుడు మొదట కనిపించే చిన్న ఫైల్ సిస్టమ్‌ని కట్టేది సీపీఐఓ ఫార్మాట్‌లో. హెడర్ల మూట టార్. చివరికి తయారయ్యే బీజెడ్‌ఇమేజ్ లోపల కెర్నల్ మొత్తం కుదించి ఉంటుంది. ఆ పేరులో ఉన్న బీ అంటే పెద్దది అని అర్థం, బీజిప్2 అని కాదు. వేరే ఏదీ ఎంచుకోకపోతే ఆ కుదింపు జీజిప్‌తో జరుగుతుంది.

ఈ జీజిప్ ఎక్కడిదని వెతుక్కుంటూ పోతే ఒక మనిషి దొరికాడు. ఆయన లైనక్స్ కెర్నల్లో ఒక్క లైను కూడా రాయలేదు. కానీ ఆయన పద్ధతి లేకుండా మనం ఒక్క రోజు కూడా గడపలేం. నమ్మకం లేకపోతే మీ దగ్గరున్న ఏదైనా జిప్ ఫైలుని, వర్డ్ డాక్యుమెంటుని, ఆండ్రాయిడ్ యాప్ ఫైలుని హెక్స్ ఎడిటర్‌లో తెరిచి చూడండి. మొదటి రెండు బైట్లు పీ, కే. మన దగ్గర పీకే అంటే ఎవరో చెప్పక్కర్లేదు గానీ, ఈ పీకే వేరు. ఆయన ఫిలిప్ వాల్టర్ కాట్జ్. అందరూ పిలిచేది ఫిల్ కాట్జ్ అని.

1962 నవంబర్ 3న అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో పుట్టాడు. పెద్దగా ఎవరితో కలిసే పిల్లాడు కాదు. తండ్రితో కలిసి ప్రోగ్రామబుల్ కాల్క్యులేటర్ల మీద చిన్న చిన్న ప్రోగ్రాములు రాయడం వాళ్ళిద్దరికీ ఇష్టమైన కాలక్షేపం. ఆ కాల్క్యులేటర్లలో మెమరీ ఎంత ఉండేదో మనం ఊహించలేం. ఒక్క అడుగు మిగిలించినా గొప్పే. తక్కువ చోటులో ఎక్కువ పని చేయించాలనే పట్టుదల ఆయనకి అక్కడే అబ్బిందని నాకనిపిస్తుంది. కాలేజీలో ఉండగానే తండ్రి పోయాడు. 1984లో యూనివర్సిటీ ఆఫ్ విస్కాన్సిన్-మిల్వాకీలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పూర్తి చేశాడు. ఫ్యాక్టరీల్లో మెషీన్లని నడిపే కంట్రోలర్లు తయారుచేసే అలెన్-బ్రాడ్లీలో ఉద్యోగం చేసి, 1986లో గ్రేసాఫ్ట్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి మారాడు. రాత్రిళ్ళు మాత్రం ఇంట్లో తన సొంత ప్రోగ్రాము రాసుకునేవాడు.

అప్పటి పరిస్థితి కాస్త చెప్పాలి. ఇంటర్నెట్ ఇంకా ఇళ్ళలోకి రాలేదు. ఎవరో ఒకరు ఇంట్లో కంప్యూటర్‌కి మోడెమ్ తగిలించి బులెటిన్ బోర్డు నడిపేవారు. మిగతావాళ్ళు ఫోను చేసి దాంట్లోకి వెళ్ళి ఫైళ్ళు దింపుకునేవారు. మోడెమ్ వేగం సెకనుకి 2400 బిట్లంటే బాగా ఉన్నట్టే. ఆ వేగంతో 360 కిలోబైట్ల ఫ్లాపీ ఒకటి దించుకోవాలంటే దాదాపు ఇరవై అయిదు నిమిషాలు. అంతసేపూ ఫోను బిల్లు తిరుగుతూనే ఉంటుంది. ఫైలు సగానికి కుదిస్తే బిల్లూ సగం. కాబట్టి కుదించే ప్రోగ్రాము అంటే వాళ్ళకి డబ్బుతో సమానం.

ఆ పని చేసే ప్రోగ్రాముల్లో రాజు ఆర్క్. న్యూజెర్సీలో థామ్ హెండర్సన్ నడిపే సిస్టమ్ ఎన్‌హాన్స్‌మెంట్ అసోసియేట్స్ అనే చిన్న కంపెనీ 1985లో దాన్ని తెచ్చింది. అంతకుముందు మూట కట్టడానికి ఒక టూలు, కుదించడానికి ఇంకో టూలు వాడేవారు. మనం ఇప్పటికీ టార్, జీజిప్ విడివిడిగా వాడినట్టే. ఆర్క్ ఆ రెండు పనులూ ఒక్కటే చేసింది. అది సీ భాషలో ఉండేది, దాని సోర్సు కోడ్ కూడా జనానికి అందుబాటులో ఉండేది.

కాట్జ్ చేసింది ఏమిటంటే, ఆర్క్ ఫైళ్ళనే కట్టి విప్పే ప్రోగ్రాముని అసెంబ్లీ భాష వాడి చాలా వేగంగా పనిచేసేలా తయారుచేశాడు. దాని పేరు పీకేఆర్క్. జనం ఎగబడ్డారు. 1987లో ఉద్యోగం మానేసి పీకేవేర్ అనే కంపెనీ పెట్టాడు. ఆఫీసు అంటే తల్లి హిల్డెగార్డ్ ఇల్లే. వంటగదికి పక్కన కంపెనీ. ముందు వాడుకోండి, నచ్చితే డబ్బు పంపండి అనే షేర్‌వేర్ పద్ధతి. అలా వచ్చే చెక్కులతోనే కంపెనీ నిలబడింది.

ఇక్కడే నా టార్ గొడవ లాంటిదే ఒకటి మొదలైంది. కాట్జ్ తన ప్రోగ్రాములో స్క్వాషింగ్ అని ఒక కొత్త కుదింపు పద్ధతి చేర్చాడు. ఫైలు పేరు చివర మాత్రం అదే ఆర్క్. ఇప్పుడు పీకేఆర్క్‌తో కట్టిన మూటని హెండర్సన్ అసలు ఆర్క్‌తో విప్పబోతే అది విప్పలేకపోయేది. పేరు పెట్టినవాడి ప్రోగ్రాముకే ఆ పేరున్న ఫైలు అర్థం కాకుండా పోయింది. మామూలు యూజర్ ఏమనుకుంటాడు? ఆర్క్ పాతబడింది, పీకేఆర్క్ తెచ్చుకుందాం అనుకుంటాడు. అదే జరిగింది.

1988 ఏప్రిల్‌లో హెండర్సన్ కంపెనీ విస్కాన్సిన్‌లో కేసు వేసింది. కాపీరైట్, ట్రేడ్‌మార్క్ రెండూ దెబ్బతిన్నాయని ఫిర్యాదు. నేను మొదట ఈ కథ చదివింది కాట్జ్ అభిమానుల వైపు నుంచి. ఒక ఒంటరి కుర్రాడు తల్లి ఇంట్లో కూర్చుని మంచి ప్రోగ్రాము రాస్తే, పెద్ద కంపెనీ వచ్చి తొక్కేయాలని చూసిందని. 1988లో బులెటిన్ బోర్డుల్లో జనం నమ్మిందీ అదే. కోపంతో చాలామంది తమ బోర్డుల్లో ఆర్క్ ఫైళ్ళు పెట్టడమే మానేశారు. నేను కూడా ఆ వైపే ఉన్నాను, ఒక రోజంతా.

తర్వాత రెండో వైపు చదివాను. హెండర్సన్‌ది కూడా పెద్ద కంపెనీ ఏం కాదు, ఇంటి మనుషులతో నడిచే చిన్న దుకాణమే. పైగా రెండు ప్రోగ్రాముల కోడ్‌నీ పోల్చి చూడటానికి జాన్ నవాస్ అనే స్వతంత్ర నిపుణుణ్ణి పెట్టారు. ఆయన తేల్చింది ఏంటంటే, పీకేఆర్క్‌లో కొంత భాగం ఆర్క్ నుంచే వచ్చింది. గుర్తు ఎలా పట్టారంటే, కామెంట్లు ఒకటే. కామెంట్లలోని స్పెల్లింగ్ తప్పులు కూడా ఒకటే.

ఆ వాక్యం దగ్గర నేను ల్యాప్‌టాప్ మూసేశాను. ఎందుకో చివర్లో చెప్తాను.

1988 ఆగస్టులో రాజీ కుదిరింది. వెనకటి రాయల్టీ కింద 22,500 డాలర్లు, ఖర్చుల కింద 40,000 డాలర్లు కాట్జ్ కట్టాడు. 1989 జనవరి 31 తర్వాత ఆర్క్‌తో కలిసే ప్రోగ్రాములు అమ్మకూడదన్నది ఇంకో షరతు. అంటే కంపెనీకి అన్నం పెట్టే ప్రోగ్రాము ఆ రోజుతో ఆగిపోవాలి. వయసు ఇరవై ఆరు.

అప్పుడు కాట్జ్ చేసిన పని వల్లే నేను ఈ వ్యాసం రాస్తున్నాను. 1989 ఫిబ్రవరిలో జిప్ అనే కొత్త ఫార్మాట్‌ని బయటపెట్టాడు. దాని నిర్మాణం మొత్తం, ఏ బైటు ఎక్కడుండాలో సహా, ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి ప్రోగ్రాముతో పాటు అందరికీ ఇచ్చేశాడు. ఆ ఫార్మాట్ ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా దాన్ని విప్పే ప్రోగ్రాము రాసుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. తనకి కోర్టు మెట్లు ఎక్కించిన తలుపుని తన తర్వాత వచ్చేవాళ్ళకి తెరిచిపెట్టాడు. వ్యాపార తెలివి కూడా అందులో ఉంది, కాదనను. అందరికీ తెరిచి ఉన్న ఫార్మాట్ అయితే జనం త్వరగా మారతారు. మారారు కూడా.

1993లో పీకేజిప్ రెండో తరం వచ్చింది. అందులో డిఫ్లేట్ అనే పద్ధతి ఉంది. అది రెండు పాత ఆలోచనల కలయిక. మొదటిది 1977లో లెంపెల్, జివ్ ఇచ్చినది. పాటల పుస్తకంలో పల్లవి మళ్ళీ వచ్చినప్పుడు మొత్తం రాయరు కదా, మొదటి మాట రాసి రెండు గీతలు గీస్తారు. డిఫ్లేట్ కూడా అంతే, ముందొచ్చిన ముక్క మళ్ళీ వస్తే ఎంత వెనక్కి వెళ్ళాలో, ఎంత పొడవు తీసుకోవాలో మాత్రం రాసుకుంటుంది. రెండోది 1952 నాటి హఫ్‌మన్ పద్ధతి. హాస్టల్లో రోజూ పిలిచే వెంకట సుబ్రహ్మణ్యం వెంకీ అయిపోతాడు, ఎప్పుడో గానీ పిలవనివాడికి పూర్తి పేరే ఉంటుంది. తరచుగా వచ్చే గుర్తుకి చిన్న కోడ్, అరుదుగా వచ్చేదానికి పెద్ద కోడ్. విడిగా చూస్తే రెండూ ఎవరికైనా తెలిసినవే. రెంటినీ కలిపి, అప్పటి బక్క కంప్యూటర్ల మీద పరిగెత్తేలా చేయడం కాట్జ్ పనితనం.

సరిగ్గా ఆ రోజుల్లోనే యూనిక్స్ ప్రపంచానికి ఒక ఇబ్బంది వచ్చి పడింది. అక్కడ వాడే కంప్రెస్ అనే టూలులోని ఎల్‌జెడ్‌డబ్ల్యూ పద్ధతి మీద పేటెంట్ ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకి దాన్ని వాడటానికి లేదు. డిఫ్లేట్ గురించి అంతా రాసిపెట్టి ఉంది కాబట్టి జాన్-లూ గైయీ, మార్క్ ఆడ్లర్ దాన్ని తీసుకుని సొంతంగా కోడ్ రాసి జీజిప్ తెచ్చారు. కాట్జ్‌కి తన వెతికే పద్ధతి మీద 1991లో పేటెంట్ వచ్చింది, అయినా దాన్ని తాకకుండానే డిఫ్లేట్ రాసుకునే వీలుంది. జీజిప్ గ్నూలోకి వెళ్ళింది, లైనక్స్ కెర్నల్లోకి వెళ్ళింది. 1995లో అదే ఇద్దరు జెడ్‌లిబ్ తెచ్చారు. పీఎన్‌జీ బొమ్మల లోపల ఉన్నదీ డిఫ్లేటే. 1996లో అది ఆర్‌ఎఫ్‌సీ 1951గా అధికారికంగా నమోదైంది. నా కెర్నల్ బూట్ అవుతూ తనని తాను విప్పుకునే ఆ అర సెకనులో నడిచేది మిల్వాకీలో పుట్టిన ఆ పద్ధతే.

ఇదంతా జరుగుతుంటే ఆ మనిషి మాత్రం బాగాలేడు. డబ్బు వచ్చింది, పేరు వచ్చింది. కానీ మొదటి నుంచీ మనుషులకి దూరంగా ఉండే మనిషి ఇంకా దూరమయ్యాడు. తాగుడు పట్టుకుంది. తాగి కారు నడిపినందుకు పోలీసులు పట్టుకున్నారు, లైసెన్సు పోయింది, అయినా ఆగలేదు. ఇంటి ముందు ఆఫీసర్లు వస్తారని సొంత ఫ్లాట్‌కి వెళ్ళకుండా హోటళ్ళ వెంట తిరిగేవాడు. కంపెనీని నిలబెట్టిన తల్లితో కూడా మాటలు లేకుండా పోయాయి. ప్రపంచం విండోస్‌కి మారిపోయినా ఆయనకి దాని మీద గురి కుదరలేదు. విన్‌జిప్ అనే ఇంకొకరి ప్రోగ్రాము ఆయన ఫార్మాట్‌నే వాడి జనంలోకి వెళ్ళిపోయింది. ఫార్మాట్ తెరిచిపెట్టాక అది ఆయన చేతిలో ఉండదు కదా. హెండర్సన్‌కి జరిగిందే కొంచెం వేరేగా ఈయనకీ జరిగింది, కాకపోతే ఈసారి అనుమతి ఇచ్చింది తనే.

2000 ఏప్రిల్ 14న మిల్వాకీలో ఒక హోటల్ గదిలో ఫిల్ కాట్జ్ చనిపోయి కనిపించాడు. చుట్టూ ఖాళీ సీసాలు. ఏళ్ళ తరబడి తాగిన తాగుడుకి క్లోమం దెబ్బతిని లోపల రక్తస్రావమైంది. వయసు 37.

ఇది రాస్తుంటే మా బ్లాకులో ఒకళ్ళిద్దరు గుర్తొచ్చారు. బాగా కోడ్ రాస్తారు, తలుపు వేసుకుని ఉంటారు, మెస్‌కి కూడా అందరూ వెళ్ళాక వస్తారు. వాళ్ళు చేసిన ప్రాజెక్టులు మనందరం వాడతాం, వాళ్ళ గది తలుపు మాత్రం ఎవరం తట్టం. జీనియస్ కదా, అలాగే ఉంటాడులే అనుకుంటాం. కాట్జ్ గురించి కూడా చుట్టూ ఉన్నవాళ్ళు అలాగే అనుకుని ఉంటారు. ఆయన్ని ఎవరైనా కాపాడగలిగేవారా అంటే నేను చెప్పలేను. తలుపు తట్టడం మాత్రం మన చేతిలో పనే.

ఇక ల్యాప్‌టాప్ ఎందుకు మూశానో చెప్పాలి. నా సిస్టమ్ కాల్ కోడ్ నాది కాదు. పోయినేడాది బ్యాచ్ అన్న ఒకాయన దగ్గర తీసుకున్నది. వేరియబుల్ పేర్లు మార్చాను, రెండు ఫంక్షన్లు అటూ ఇటూ చేశాను, అంతే. నవాస్ సంగతి చదివాక అర్ధరాత్రి లేచి ఆ ఫైలు తెరిచి చూశాను. ప్రాసెస్ అనే మాట కామెంట్లో ఒక ఎస్‌తో ఉంది. అన్న ఫైల్లోనూ ఒక ఎస్సే. బిల్డ్ కోసం రెండు రాత్రులు కష్టపడ్డాను గానీ, ఆ కష్టమంతా వేరేవాళ్ళ కోడ్ చుట్టూ పడిన కష్టం.

ఫైలు తీసేసి మొదటి నుంచి రాశాను. నాలుగు రోజులు పట్టింది. రెండుసార్లు కెర్నల్ పానిక్ వచ్చింది. సబ్మిషన్ ఒక రోజు ఆలస్యమైంది, మార్కులు కోశారు. రీడ్‌మీ ఫైల్లో అన్న పేరు రాసి, ఏ ఆలోచన ఆయన దగ్గర నేర్చుకున్నానో రాశాను. వైవాలో మేడమ్ అది చదివి ఏమీ అనలేదు, కోడ్‌లో ఒక లైను చూపించి అది ఎందుకుందో అడిగారు. చెప్పగలిగాను. పాత ఫైలు అయ్యుంటే చెప్పలేకపోయేవాణ్ణి.

కాట్జ్‌ని హీరో అనాలా, దొంగ అనాలా అని మా గదిలో ఒక రాత్రి వాదన జరిగింది. నేను రెండూ అనలేదు. ఒకరి పని మీద నిలబడి మొదలుపెట్టాడు, ఆ మాట ఒప్పుకోవాల్సిన చోట ఒప్పుకోలేదు, దానికి మూల్యం కట్టాడు. తర్వాత తన పని మీద ఎవరైనా నిలబడేలా రాసి ఇచ్చాడు. మొదటి పని నేనూ చేశాను. రెండోది ఇంకా చేయలేదు.

ఆ సిస్టమ్ కాల్ కోడ్, టార్ గొడవ దాటే పద్ధతితో సహా, మా డిపార్ట్‌మెంట్ రిపాజిటరీలో పెట్టాను. వచ్చే బ్యాచ్ వాళ్ళు వాడుకోవచ్చు. వాడితే వాడినట్టు రాయండి. కామెంట్లలో తప్పులు దొరికితే దిద్దండి.